హెచ్‌ఓ లేఅవుట్‌కి ట్రాక్ క్లీనింగ్ వ్యాగన్: తెప్పించుకోవాలా, ఏది, ఎలా నడపాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మిద్దె మీద గదిలో హెచ్‌ఓ లేఅవుట్ (అసలు రైలులో 87వ వంతు సైజు మోడల్ రైళ్లు), డీసీసీ కంట్రోల్ (ఒక్కో లోకోకి పట్టాల ద్వారా విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి), దాదాపు సగం లైను సొరంగాల్లో, కొండ కింద దాగి ఉంది. పది రోజులు నడపకపోతే లోకోలు ఆగి ఆగి నడుస్తున్నాయి, సౌండ్ లోకో అయితే మధ్యలో నోరు మూసుకుని మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతోంది. అమెరికా నుంచి వస్తున్న బావగారితో మోటారున్న క్లీనింగ్ వ్యాగన్ తెప్పించుకోవాలా, దాంట్లో ఏం పోయాలి, దాన్ని గూడ్సు రైలుకి ఎప్పుడూ తగిలించే ఉంచొచ్చా అని అడిగారు.

తెప్పించుకోవచ్చు, కానీ మొదట కొనాల్సింది అది కాదు. క్లీనింగ్ వ్యాగన్ అనేది శుభ్రంగా ఉన్న ట్రాక్‌ని శుభ్రంగా ఉంచే సాధనం. మురికి పేరుకున్న ట్రాక్ మీద తిప్పితే, మాసిన తడిగుడ్డతో ఇల్లు తుడిచినట్టే, ఒకచోట ఉన్నది లేఅవుట్ అంతా పూసుకొస్తుంది. కొన్నవాళ్లలో సగం మంది నెల తిరక్కుండానే ఇది పనిచేయదని పెట్టెలో పడేయడానికి కారణం ఇదే తప్ప వ్యాగన్‌లో లోపం కాదు.

అసలు మీ సమస్య మురికేనా అన్నది ముందు తేలాలి. ఒకే చోట, ఏ లోకో అయినా, ప్రతిసారీ ఆగుతోందంటే అది మురికి కాకపోవచ్చు, ఆ దగ్గర్లో రైలు జాయినర్ (రెండు పట్టాల్ని కలిపే రేకు) వదులై ఉంటుంది లేదా పట్టాకి కరెంటు తెచ్చే ఫీడర్ వైరు టంకం ఊడి ఉంటుంది, దానికి ఎంత తుడిచినా ఫలితం ఉండదు. ఒకే లోకో మాత్రం ఎక్కడపడితే అక్కడ ఆగుతోంది, మిగతావి బాగానే వెళ్తున్నాయి అంటే ఆ లోకో చక్రాలో, చక్రాల వెనక తగులుతూ కరెంటు తీసుకునే పికప్ పత్తీలో చూసుకోవాలి. పాయింట్ల (లైను రెండుగా చీలే చోట్ల) మీద మాత్రమే చిన్న లోకోలు ఆగుతుంటే ఫ్రాగ్‌కి (అక్కడ పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కకి) కరెంటు అందడం లేదని అర్థం. అన్ని లోకోలూ, రకరకాల చోట్ల, నడపకుండా వదిలేసిన తర్వాత ఎక్కువగా ఆగుతున్నాయంటే అప్పుడు అది మురికే. మీరు చెప్పిన లక్షణాలు దీనికే దగ్గరగా ఉన్నాయి. ఒక తెల్ల నూలు గుడ్డని వేలికి చుట్టి పట్టా మీద ఒక అడుగు లాగి చూడండి, నల్లటి గీత పడితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఆ నలుపు ఏమిటో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మనం వాడే పట్టాలు ఎక్కువగా నికెల్ సిల్వర్, పేరులో తప్ప దాంట్లో వెండి లేదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. చక్రం పట్టా మీద దొర్లేటప్పుడు తగిలే చోటు సూదిమొనంత ఉంటుంది, దుమ్ము వల్ల అక్కడ రెప్పపాటు సందు పడగానే సన్నటి నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ లోహాన్ని కాల్చి నల్లటి ఆక్సైడ్ పొర చేస్తుంది, దానికి గాలిలో దుమ్ము, గేర్లలోంచి కారిన నూనె, ప్లాస్టిక్ చక్రాల అరుగుదల కలిస్తే జిగట తయారవుతుంది. పొర పెరిగేకొద్దీ రవ్వలు పెరుగుతాయి, రవ్వలు పెరిగేకొద్దీ పొర పెరుగుతుంది. మన ఇళ్లలో దీనికి తోడు కొన్ని ప్రత్యేకమైనవి ఉన్నాయి: కింద వంటింట్లో తాలింపు పొగ మెట్ల మీదుగా పైకి వస్తుంది, పూజగదిలో అగరుబత్తి, సాంబ్రాణి, సాయంత్రం దోమల కాయిల్. ఇవన్నీ పట్టాల మీద కంటికి కనిపించని నూనె పొరలా దిగుతాయి, దాని మీద మిద్దె మీది దుమ్ము అంటుకుంటుంది. పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇక చెప్పక్కర్లేదు. లేఅవుట్ మీద పాత చీరలు, దుప్పట్లు కప్పేవాళ్లని చూశాను, వాటి నూలుపోగులు రాలి లోకో గేర్లలో చుట్టుకుంటాయి. పలచటి ప్లాస్టిక్ షీటు కప్పండి, ఏ క్లీనింగ్ వ్యాగన్ చేసే మేలు కంటే ఇది ఎక్కువ.

మొదటి విడత చేత్తోనే చేయాలి, దీనికి దగ్గరిదారి లేదు. చెయ్యి అందే చోటల్లా గుడ్డని ద్రవంలో తడిపి తుడవండి (ఏ ద్రవం అన్నది కింద చెప్తాను), గుడ్డ నల్లబడగానే మడత మార్చండి. బాగా గట్టిపడిన చోట మాత్రమే రబ్బరు బ్లాక్ వాడండి, పెకో, రోకో వాళ్లవి దొరుకుతాయి. గరుకు కాగితం వద్దు, ముఖ్యంగా నీళ్లతో తడిపి రుద్దే నల్లటి రకం, అది పట్టా మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే మళ్లీ మురికి దిగుతుంది. ఇక స్టీల్ ఉన్ని గదిలోకి కూడా రానివ్వకండి, దాని పోగులు మోటారు అయస్కాంతానికి అంటుకుంటే లోకో పోయినట్టే. రబ్బరు బ్లాక్ వాడిన చోట తర్వాత నున్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ వాషర్‌తో గట్టిగా నాలుగైదు సార్లు రుద్దితే గీతలు కాస్త పూడి పట్టా మెరుగెక్కుతుంది. విసుగు పుట్టించే పనే, కానీ ఒకసారి చేస్తే చాలా కాలం కాస్తుంది.

చక్రాలు మర్చిపోకండి, ఎందుకంటే ట్రాక్ మీది మురికిలో పెద్ద భాగం చక్రాల మీద ఉంటుంది, మీరు పట్టా తుడిచిన గంటలోనే రైళ్లు దాన్ని తిరిగి తెచ్చి పూస్తాయి. లోకోకైతే టిష్యూ పేపరుని పట్టాల మీద అడ్డంగా పరచి, దాని మీద కొంచెం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వేసి, లోకో ఒక చివర చక్రాలు కాగితం మీద, మరో చివర చక్రాలు మామూలు పట్టా మీద ఉండేలా చేత్తో పట్టుకుని కరెంటు ఇవ్వండి, చక్రాలు అక్కడే తిరుగుతూ కాగితం మీద నల్లటి చారలు వదులుతాయి. తర్వాత తిప్పి రెండో వైపు. రబ్బరు టైరు ఉన్న చక్రాల దగ్గర ద్రవం తక్కువ వాడండి. వ్యాగన్లలో ప్లాస్టిక్ చక్రాలుంటే, డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు అదే. లోహపు చక్రాలు మార్చండి. మోటారు క్లీనింగ్ వ్యాగన్‌కి పెట్టే డబ్బుతో మీ గూడ్సు రైళ్లన్నిటికీ చక్రాలు వచ్చేస్తాయి, బావగారి పెట్టెలో బరువు కూడా తక్కువే.

ఇప్పుడు వ్యాగన్ల సంగతి. చెయ్యి అందే ట్రాక్‌కి వ్యాగన్ లేకపోయినా గడుస్తుంది. మీకు సగం లైను సొరంగాల్లో ఉంది కాబట్టి మీకు నిజంగానే పనికొస్తుంది, ఈ మాట అందరికీ చెప్పను.

మోటారున్న వాటిలో అందరికీ తెలిసింది డాపోల్ వాళ్లది. జపాన్ టోమిక్స్ వాళ్లు హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ గేజ్‌లో చేసే దాని తరహాలోనే ఉంటుంది. దీంట్లో చిన్న ఫ్యాన్‌తో దుమ్ము పీల్చుకోవచ్చు, లేదా కింద తిరిగే డిస్కులు బిగించి రుద్దించొచ్చు, చిన్న ట్యాంకులో ద్రవం పోసుకుని తడి డిస్కులతో తుడిపించొచ్చు. అది తనంతట తాను నడవదు, లోకోతో లాగాలి, లోపలి మోటారు ఫ్యాన్‌నీ డిస్కునీ మాత్రమే తిప్పుతుంది. పట్టాల్లో వోల్టేజీ పెంచి తగ్గించి వేగం మార్చే మామూలు డీసీ లేఅవుట్‌లో ఇక్కడే చిక్కు: వ్యాగన్ నెమ్మదిగా వెళ్లాలి, ఫ్యాన్ వేగంగా తిరగాలి, కానీ రెండిటికీ వోల్టేజీ ఒకటే, నెమ్మదిస్తే ఫ్యాన్ కూడా నీరసిస్తుంది. గేరింగ్ బాగా తక్కువున్న, పూర్తి వోల్టేజీలో కూడా పాకుతూ వెళ్లే లోకో కావాలి. మీది డీసీసీ కాబట్టి ఈ బాధ ఉండదు, ట్రాక్‌లో వోల్టేజీ ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది, కానీ కొనేముందు ఆ వెర్షన్‌కి డీకోడర్ (డీసీసీ ఆదేశాల్ని అందుకునే చిప్పు) విడిగా పెట్టాలా అన్నది చూసుకోండి, మామూలు డీసీ మోటారుకి డీసీసీ కరెంటు నేరుగా ఇస్తే వేడెక్కుతుంది. దుమ్ము పీల్చే పనికి నేను దీనికి మంచి మార్కులే వేస్తాను, సొరంగంలో రాలిన పొడి, నూలుపోగులు, తెగిన గడ్డిపొడి తీసేస్తుంది. అంటించని కంకర ఉంటే అదీ పీల్చేసి ఫ్యాన్‌లో గరగరలాడిస్తుంది, ఆ సంగతి ముందే చూసుకోండి. రుద్దే పనికి మాత్రం, నా ఉద్దేశంలో, దాని డిస్కు ఒత్తిడి చాలదు.

జర్మనీ వాళ్ల లక్స్ మోడెల్‌బౌ కంపెనీ దుమ్ము పీల్చే వ్యాగన్, పట్టాలు అరగదీసే వ్యాగన్ వేర్వేరుగా చేస్తుంది. పనితనం గొప్పది, ధర కూడా అలాగే ఉంటుంది. క్లబ్బులకీ పెద్ద లేఅవుట్లకీ సరే, ఇంటి గదికి దండగ. అరగదీసే వ్యాగన్ అయితే ఎవరికీ తరచుగా వాడమని చెప్పను.

మోటారు లేని రకంలో నాకు నచ్చింది అమెరికా సీఎంఎక్స్ క్లీన్ మెషీన్. ఇత్తడితో చేసిన బరువైన ట్యాంక్ వ్యాగన్, పైన ద్రవం పోస్తే చిన్న స్క్రూ వాల్వు గుండా బొట్టుబొట్టుగా కింద ఉన్న కార్డురాయ్ గుడ్డ మీదకి దిగుతుంది, ఆ గుడ్డ పట్టాల మీద ఒరుసుకుంటూ వెళ్తుంది. అందులో పాడవడానికి ఏమీ లేదు. కానీ బరువు, పైగా తడిగుడ్డ ఈడ్పు, కాబట్టి చిన్న లోకో ఒక్కటే లాగలేదు, ఎత్తు ఎక్కేచోట చక్రాలు జారి అక్కడే తిరుగుతుంటాయి. బరువైన డీజిల్ లోకోలు రెండు కలిపి పెట్టాలి. బావగారితో ఒక్కటే తెప్పించుకునే అవకాశం ఉంటే, దుమ్ము ఎక్కువ అంటే డాపోల్, జిగట నలుపు ఎక్కువ అంటే సీఎంఎక్స్. మీ వర్ణన బట్టి రెండోదే. ద్రవాలు, స్ప్రే డబ్బాలు మాత్రం ఆయన పెట్టెలో పెట్టించకండి, మండేవాటిని విమానంలో రానివ్వరు.

అది వచ్చేలోపు, లేదా అది లేకుండానే, ఇంట్లో చేసుకునేది ఒకటుంది. కాలిఫోర్నియాలో గోరీ అండ్ డిఫీటెడ్ అనే ప్రసిద్ధ లేఅవుట్ కట్టిన జాన్ ఆలెన్ 1973లో చనిపోయారు, వ్యాగన్ కింద హార్డ్‌బోర్డు ముక్కని ఈడ్పించి తుడిపించే ఈ పద్ధతిని ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. పాత డబ్బా వ్యాగన్ ఒకటి తీసుకోండి. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు నుంచి దాదాపు 50 మిల్లీమీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క కోయండి. గరుకు వైపు కిందికి రావాలి. నున్నటి వైపు రెండు మేకులు, తలలు కిందికి మొనలు పైకి ఉండేలా, ఎపాక్సీతో నిలబెట్టండి. వ్యాగన్ అడుగున ఆ మేకులు వదులుగా దూరేలా రెండు రంధ్రాలు చేయండి. అంతే, ముక్క తన బరువుతోనే పట్టాల మీద ఆనుతుంది, ఎత్తుపల్లాలకి తగ్గట్టు మేకుల మీద పైకీ కిందకీ ఆడుతుంది. ముందు అంచునీ వెనక అంచునీ కింది వైపు పడవ ముక్కులా గుండ్రంగా అరగదీయడం మర్చిపోకండి, లేదంటే పాయింట్ల మీద ఫ్రాగ్ దగ్గరో, దాని ఎదురుగా చక్రాన్ని దారిలో ఉంచే చెక్ రైలు దగ్గరో తట్టుకుని పట్టా తప్పిస్తుంది. ముక్క మీద సీసం బరువు పెట్టాలనిపిస్తుంది, కొంచెం పెట్టొచ్చు, ఎక్కువైతే లోకోకి బ్రేకు వేసినట్టే. వ్యాగన్ బరువు మాత్రం సరిపడా ఉండాలి, అమెరికా ఎన్‌ఎంఆర్‌ఏ (మోడల్ రైలు హాబీ సంఘం) సిఫారసు ప్రకారం హెచ్‌ఓలో 14 సెంటీమీటర్ల వ్యాగన్ దాదాపు 105 గ్రాములు ఉండాలి, తేలిగ్గా ఉంటే కింది ముక్క ఈడ్చినప్పుడు వంపుల్లో లోపలికి పడిపోతుంది. ముక్క నల్లబడితే గరుకు కాగితం మీద నాలుగు సార్లు రుద్దితే కొత్తదవుతుంది. ఖర్చు అంటారా, హార్డ్‌బోర్డు ముక్క కార్పెంటర్ ఊరికే ఇస్తాడు.

ఏ ద్రవం అన్నదాని మీద హాబీలో ఎప్పుడూ గొడవే. చాలాకాలం అందరం ఐపీఏనే వాడాం, ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. హైదరాబాద్‌లో అయితే కోటి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే చోట పీసీబీలు కడగడానికని అడిగితే దొరుకుతుంది. తీసుకుంటే 99 శాతంది తీసుకోండి, చేతులకి రాసుకునే శానిటైజర్‌లో నీళ్లూ, చర్మానికి కలిపే గ్లిజరిన్ లాంటివీ ఉంటాయి, అవి పట్టా మీద మిగిలిపోతాయి. ఐపీఏ మీద వచ్చిన అభ్యంతరం ఏమిటంటే అది పోలార్ ద్రవం (అణువులో ఒక వైపు ధన, మరో వైపు రుణ ఆవేశం ఉండేది), ఆ గుణాన్ని సూచించే డైఎలక్ట్రిక్ స్థిరాంకం దానికి 18 దగ్గర ఉంటుంది, కిరోసిన్, మినరల్ టర్పెంటైన్ లాంటివి 2 దగ్గర ఉంటాయి, పోలార్ ద్రవాల తర్వాత పట్టా మీద నిప్పురవ్వలు, దాంతో నలుపు త్వరగా తిరిగొస్తాయని ఒక వాదన. ఆ వివరణ వంద శాతం ఒప్పుకోకపోయినా, ఆచరణలో నా అనుభవం కూడా అటే ఉంది: ఐపీఏతో తుడిచిన ట్రాక్ వెంటనే బాగుంటుంది, టర్పెంటైన్‌తో తుడిచింది ఎక్కువ కాలం బాగుంటుంది. అందుకని పాత జిడ్డు వదిలించడానికి ఐపీఏ, ఆ తర్వాత చివరి తుడుపు, వ్యాగన్‌లో పోసేది మినరల్ టర్పెంటైన్. పెయింట్ల షాపులో ఎంటీఓ అంటే ఇస్తారు. పొరపాటున థిన్నర్ తేకండి, అది స్లీపర్లనీ స్టేషన్ బిల్డింగులనీ కరిగించేస్తుంది. ఎంటీఓ కూడా ముందు పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద వేసి చూసుకోండి. డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 కాంటాక్ట్ క్లీనర్ కూడా మంచిదే, కానీ మామూలు డబ్ల్యూడీ-40 వేరు, అది నూనె పొర వదులుతుంది, లేబుల్ చదివి కొనండి.

ఒక్క హెచ్చరిక మాత్రం సీరియస్‌గా తీసుకోండి. ఐపీఏ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, అంటే మన గదుల్లో ఏడాది పొడవునా. చక్రాల కింద రవ్వలు పుడతాయని పైనే చెప్పుకున్నాం. మూసిన సొరంగంలో ఐపీఏ కారుతున్న వ్యాగన్‌ని నడపడం నాకు ఇష్టం లేదు, ఎంటీఓ అయినా కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి, కొద్దిగానే వాడండి. అక్కడ అగరుబత్తి అసలే వద్దు.

నడిపే పద్ధతి. ముందు పొడి వ్యాగన్ తిప్పండి, దుమ్ము పీల్చేదైనా హార్డ్‌బోర్డుదైనా సరే. దుమ్ము ఉండగా తడిపితే బురద అవుతుంది. తర్వాత తడి వ్యాగన్, దాని వెనకే పొడి వ్యాగన్ ఇంకొకటి, అది కరిగిన మురికిని ఎత్తుకుంటుంది. ఈ వెనకది లేకుండా తడిది ఒక్కటే నడిపితే మురికి కరిగి, పట్టా మీదే ఆరి, అక్కడే ఉంటుంది. గుడ్డ తడిగా ఉండాలి, వెనక తడి చార పట్టాకి అటూ ఇటూ కారకూడదు. ఎక్కువైన ఐపీఏ పట్టా పక్కన వేసిన యాక్రిలిక్ తుప్పు రంగుని కడిగేస్తుంది, ఫెవికాల్‌తో అంటించిన కంకరని వదులు చేస్తుంది. లోకో వెనక నుంచి తోస్తే తను తుడిచిన పట్టా మీద నడుస్తుంది, ఇది మంచిదే, కానీ తోసేటప్పుడు పట్టా తప్పే అవకాశం ఎక్కువ. సొరంగంలో ఆగిపోతే కొండ ఎత్తాల్సి వస్తుంది. అందుకే రెండు చివర్లా లోకోలు పెట్టి, ముందుది లాగుతూ వెనకది నెడుతూ నడపడం మీలాంటి లేఅవుట్‌కి మేలు. నెమ్మదిగా, నడిచే మనిషి వేగం కంటే బాగా తక్కువలో పోనివ్వండి. ఒక చుట్టు అవగానే గుడ్డ చూడండి. నల్లబడితే మార్చండి, బద్ధకిస్తే మీరు చేసేది తుడవడం కాదు, పూయడం.

తుడవడం అయిపోయాక కొందరు గ్రాఫైట్ రాస్తారు, నేనూ రాస్తాను. బొమ్మలేసే 6బీ పెన్సిల్‌తో పట్టా లోపలి అంచున సన్నటి గీత, చాలా తేలిగ్గా, రైళ్లే దాన్ని అన్నిచోట్లకీ తీసుకెళ్తాయి. ఎత్తు ఎక్కే చోట రాయకండి, జారుతుంది. గ్రాఫైట్ రాసిన తర్వాత తడి వ్యాగన్ తిప్పితే అది కాస్తా పోతుంది కాబట్టి రెండిట్లో ఒక పద్ధతి ఎంచుకోండి: బయట ట్రాక్‌కి గ్రాఫైట్, సొరంగాల లైనుకి వ్యాగన్ అన్నది నా ఏర్పాటు.

సౌండ్ లోకో విషయంలో ఇంకొకటి. దాని డీకోడర్‌కి కీప్-అలైవ్ కెపాసిటర్ పెట్టించుకోవచ్చు, కరెంటు రెప్పపాటు తెగిన చోట్లని అది దాటించేస్తుంది. ట్రాక్ శుభ్రం చేశాకే పెట్టించండి. ముందే పెడితే మురికి ఎంత ఉందో తెలియకుండా దాచేస్తుంది. హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో మురికి కాల్చే ఎలక్ట్రానిక్ క్లీనర్లు, రెల్కో లాంటివి, ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు, అవి డీసీ లేఅవుట్లకి చేసినవి, డీసీసీకి పెడితే డీకోడర్లు పోతాయి.

చివరి ప్రశ్న, ఎప్పుడూ తగిలించి ఉంచొచ్చా అన్నది. హార్డ్‌బోర్డు వ్యాగన్ అయితే నిశ్చింతగా ఉంచండి, గూడ్సు రైల్లో మధ్యన ఒకటి, రెండో లైనులో తిరిగే రైల్లో ఇంకొకటి, పైనుంచి చూస్తే మామూలు డబ్బాలాగే ఉంటుంది, రైలు నడిచినప్పుడల్లా కొంచెం కొంచెం తుడుస్తూనే ఉంటుంది. రైళ్లు ఆపి షీటు కప్పేటప్పుడు ఆ ముక్క తీసి చూడటం అలవాటు చేసుకోండి. తడి వ్యాగన్‌ని మాత్రం పని అవగానే ట్రాక్ మీంచి తీసేసి, ట్యాంకు ఖాళీ చేసి, గుడ్డ విప్పి పక్కన పెట్టాలి, వాల్వు ఎంత బిగించినా రాత్రంతా ఒకేచోట బొట్లు కారుతూ కూర్చుంటుంది. డాపోల్ వంటిదైతే దుమ్ము అర కూడా అప్పుడే ఖాళీ చేయండి. మీ సొరంగాలకి వెనక నుంచి చెయ్యి పెట్టే తలుపులు ఉన్నాయో లేదో రాయలేదు. లేకపోతే బావగారు వచ్చేలోపు కొండ వెనక ప్లైవుడ్‌లో రెండు కోసుకోండి, చేత్తో చేయాల్సిన మొదటి విడతకీ, ఎప్పుడైనా వ్యాగన్ లోపల పట్టా తప్పితే తీయడానికీ అవి తప్పనిసరి.